గురువారం నాటి ఎర్ర దీపం

అనుమానం నాకు ఉగ్గుపాలతో అబ్బింది. మా అమ్మ మొజెల్ నలభై ఏళ్ళు తెల్లవాళ్ళ ఇళ్ళల్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసింది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, తిరిగి నవ్వే ముందు వాళ్ళ చేతుల వంక చూసేది, ఏం పట్టుకొచ్చారో అని. నేనూ అంతే. చర్చిలో కొత్తమనిషి పక్కన కూర్చుంటే చేతిసంచి ఒళ్ళోకి తీసుకుంటాను. అది చెడ్డబుద్ధి అని కొందరంటారు. వాళ్ళు మా వీధిలో పెరగలేదు.

అలాంటి నేను 1971లో మిసెస్ కొరింథియా హేర్‌స్టన్ దగ్గర టైపిస్టుగా చేరాను. మా రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆడమనిషి ఆవిడ. అంతకు ముందు ఇరవై ఏళ్ళు, భర్త పోయాక ఒంటిచేత్తో ఫ్యూనరల్ హోమ్ నడిపింది. మా జిల్లాలో నల్లవాళ్ళు ఎవరు పోయినా స్నానం చేయించి, సూటు తొడిగి, పెట్టెలో పెట్టి మట్టిచేసేదాకా అంతా ఆవిడ చేతిమీదే. టీచర్లు ఎన్నికల్లో నిలబడితే ఉద్యోగం ఊడేది. వంటవాళ్ళు నిలబడితే పని పోయేది. ఈవిడని మాన్పించగల తెల్లవాడు లేడు. మేం చస్తున్నంత కాలం ఆవిడకి పనికి లోటు లేదు.

మావాళ్ళ అంత్యక్రియల కాగితం మీద పుట్టినరోజుని సూర్యోదయం అనీ, పోయినరోజుని సూర్యాస్తమయం అనీ అచ్చువేస్తారు. ఆవిడ వేయించిన కాగితాల్లో సగానికి సగం సూర్యోదయం దగ్గర ఖాళీ. మంత్రసాని చేతుల్లో, పొలం గట్టున పాకల్లో పుట్టినవాళ్ళకి ప్రభుత్వ కాగితం ఎక్కడిది? చచ్చినవాళ్ళ సంగతి సరే. బతికున్నవాళ్ళు వయసు రుజువు చేసుకోలేక, పింఛను రాక, డెబ్బై ఏళ్ళకీ పత్తి ఏరుతూ ఉండేవారు. అందుకని ఆవిడ ఒక బిల్లు రాసుకుంది. ఇంటి బైబిల్లో రాసిన తేదీని, మంత్రసాని సాక్ష్యాన్ని, చర్చి పుస్తకాన్ని ప్రభుత్వం రుజువుగా ఒప్పుకోవాలి. అంతే. పేజీన్నర. నేనే టైపు చేశాను.

ఆ పేజీన్నర మీద మా ఇంటి ప్రాణం ఉంది. ముందటేడు అమ్మని పింఛను ఆఫీసుకి తీసుకెళ్ళాను. అమ్మమ్మ చేతిరాత ఉన్న బైబిలుని దుప్పట్లో చుట్టి పట్టుకెళ్ళాం. అక్కడి గుమాస్తా దాన్ని ఒక్క వేలితో మా వైపు తోసేసింది.

"ఇది దేవుడి పుస్తకం మొజెల్, ప్రభుత్వానిది కాదు," అంది. ఆ పిల్లకి పాతికేళ్ళు కూడా ఉండవు.

అమ్మ బైబిలుని మళ్ళీ దుప్పట్లో చుట్టింది. బయటికొచ్చాక, "ఆ పిల్ల గోళ్ళ రంగు బావుందే వీనీ," అంది నాతో. మర్నాడు మళ్ళీ ఇస్త్రీకి వెళ్ళింది. అప్పటికే కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. ఇంక నిలబడి పని చేస్తే కాళ్ళు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. పింఛను రాకపోతే నిలబడక ఎలా?

శాసనసభలో పద్నాలుగు నెలల పాటు మిసెస్ హేర్‌స్టన్‌ని తెల్లవాళ్ళెవరూ మనిషిగా లెక్కచేయలేదు. మిగతా ఇద్దరు ఆడసభ్యులూ తెల్లవాళ్ళు, వాళ్ళని 'ఫలానా జిల్లా నుంచి వచ్చిన లేడీ' అనేవారు. ఈవిడ మాత్రం ఉత్త 'కొరింథియా'. భోజనాల గదిలో ఆవిడ ట్రే పెట్టిందంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది. ఆవిడ మోచేతులు హాయిగా చాపుకుని తినేది.

"ఇరవై ఏళ్ళు శవాల పక్కన ఒంటరిగా కూర్చున్నాను లువీనియా. వీళ్ళు లేచిపోతే నాకేమన్నా కొత్తా?" అనేది నాతో.

నేనూ, మావాళ్ళు ఇద్దరు మగసభ్యులూ పోను, ఆ భవనం మొత్తంలో ఆవిడని మొదటిరోజు నుంచీ 'మిసెస్ హేర్‌స్టన్' అని పిలిచింది ఒక్కడే, లిఫ్టు నడిపే ఓజెల్ టేట్. మావాడే. అరవై దాటిన మనిషి, చేతులకి తెల్ల తొడుగులు, చొక్కా మీద ఇస్త్రీ మడత చెదరదు. లిఫ్టులో తెల్ల సభ్యులు ఆయన్ని గోడ అనుకుని మాట్లాడుకునేవారు. ఆ మాటలన్నీ ఆయన మూడో అంతస్తులో మాకు చేరవేసేవాడు. ఏ బిల్లుని ఎవరు తొక్కుతున్నారో, ఎవరికి ఎవరితో చెడిందో, అన్నీ.

సభలో ఒక వేళాకోళం ఉంది. కొత్త సభ్యుడి మొదటి బిల్లు ఓటుకి వచ్చిన రోజు అందరూ కూడబలుక్కుని 'వద్దు' అనే ఎర్ర మీట నొక్కుతారు. గోడ మీద పెద్ద బోర్డులో పేర్ల పక్కన దీపాలన్నీ ఎర్రబడతాయి. పాపం ఆ కొత్తవాడి మొహం పాలిపోతుంది. అందరూ పగలబడి నవ్వి, ఆకుపచ్చ మీట నొక్కి, బిల్లు నెగ్గించి, వాడి వీపు మీద చరుస్తారు. ఆ వసంతంలో ఆరుగురికి అలా చేశారు. స్పీకర్ కూడా సుత్తి పట్టుకుని కడుపుబ్బ నవ్వేవాడు.

మా బిల్లు గురువారం వస్తుందనగా, బుధవారం పొద్దున ఓజెల్ నన్ను లిఫ్టులో ఆపాడు. రెండు అంతస్తుల మధ్య, కావాలనే.

"అమ్మాయ్, రేపు మిసెస్ హేర్‌స్టన్ బిల్లుకి అందరూ ఎరుపట. ఇద్దరు మాట్లాడుకున్నారు."

"వేళాకోళానికా, నిజంగానా?"

"నవ్వుకుంటూనే అన్నారు."

"నవ్వుకుంటే వేళాకోళమే కదండీ!"

"వీళ్ళు ఏడుస్తూ చేసిన పాపం ఒక్కటి చెప్పు," అని మీట వదిలాడు.

నేను పరుగున వెళ్ళి చెప్పాను. మిసెస్ హేర్‌స్టన్ నోట్లో పెన్సిలు పెట్టుకుని విన్నది.

"వాళ్ళు మీతో వేళాకోళం ఆడరండీ. ఆడాలంటే ముందు మనిషని ఒప్పుకోవాలి," అన్నాను.

"ఒప్పుకున్నారేమో, ఎవరికి తెలుసు?"

"మీరు నమ్ముతున్నారా?"

"నేను ఎవర్నీ నమ్మను. లోపల గదిలో నిబంధనల పుస్తకం ఉంది, అది పట్రా."

ఆ రోజంతా ఆ పుస్తకం చదువుతూనే ఉంది. ఏం వెతుకుతోందో చెప్పలేదు. నాకు టైపు వచ్చు గాని నిబంధనలు రావు. అడగనూ లేదు.

నా మనసులో రెండు ముళ్ళు ఉండిపోయాయి. ఒకటి, పక్క సీటు హోయ్ట్ ప్రూయెట్. కొండ జిల్లా తెల్లవాడు. ఈమధ్య పేపరు సంచీలో వేయించిన పల్లీలు తెచ్చి ఈవిడ ముందు పోసేవాడు. వాళ్ళ నాయనమ్మకీ పుట్టిన కాగితం లేదనీ, కొండ జిల్లాల వాళ్ళందరినీ మా బిల్లు వైపు తెస్తాననీ అన్నాడు. ఎందుకు తెస్తాడు? ఏం పట్టుకొచ్చాడు? నాకు వాడి పల్లీలు కూడా అనుమానమే. రెండోది, వారం క్రితం స్పీకర్ నుంచి వచ్చిన ఉత్తరం. రాష్ట్రంలో ఫ్యూనరల్ హోమ్‌లకి అనుమతులిచ్చే బోర్డులో మిసెస్ హేర్‌స్టన్‌ని సభ్యురాలిగా వేశారు. ఆ బోర్డులో నల్లవాళ్ళు ఎన్నడూ లేరు. ఉన్నట్టుండి ఎందుకు? కృతజ్ఞతల ఉత్తరం నేనే టైపు చేశాను.

గురువారం. నేను గ్యాలరీలో మొదటి వరసలో కూర్చున్నాను. మిసెస్ హేర్‌స్టన్ ముదురు నీలం సూటు, తెల్ల టోపీ పెట్టుకుని లేచింది. నాలుగు నిమిషాలే మాట్లాడింది. పుట్టిన రోజు తెలియకుండా తన చేతుల మీదుగా మట్టిలోకి వెళ్ళినవాళ్ళ పేర్లు కొన్ని చదివి కూర్చుంది.

ఓటు మొదలైంది. బోర్డు ఒక్క ఊపున ఎర్రబడింది. ఆవిడ పేరు పక్కన ఆకుపచ్చ, మావాళ్ళు ఇద్దరు మగసభ్యుల పక్కన ఆకుపచ్చ. మిగతా అంతా ఎరుపే. నవ్వులు మొదలయ్యాయి. స్పీకర్ కూడా నవ్వుతున్నాడు. నాలో ఎక్కడో చిన్న ఆశ. వేళాకోళమే, అయితే ఈవిడా వాళ్ళలో ఒకతె అయినట్టే కదా అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం ఎంత సంతోషపడ్డానో చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గు.

దీపాలు ఒక్కొక్కటే ఆకుపచ్చకి మారాయి. ఇరవై. ముప్ఫై ఐదు. ప్రూయెట్‌ది మారింది, కొండ జిల్లాలన్నీ మారాయి. యాభై. యాభై నాలుగు. అక్కడ ఆగిపోయింది. ఎరుపు అరవై మూడు. నవ్వులు మాత్రం ఆగలేదు. చేతులు మీటల మీంచి తీసేసి, కుర్చీల్లో వెనక్కి వాలి, ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటూ నవ్వుతున్నారు. బిల్లుని చంపామని ఎవరూ అనక్కర్లేదు. మార్చడం మర్చిపోయామంటే చాలు. వాళ్ళు నిజంగా మర్చిపోయారో, ముందే అనుకున్నారో, ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

స్పీకర్ సుత్తి ఎత్తాడు. అప్పుడు చూశాను. కొరింథియా హేర్‌స్టన్ పేరు పక్కన ఆకుపచ్చ ఆరింది. ఎరుపు వెలిగింది.

సుత్తి పడింది. బిల్లు పోయింది.

కళ్ళు నులుముకుని చూశాను. ఎరుపే. అదీ తన బిల్లుకి, తన చేత్తో. అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్లు ఎలా దిగానో తెలీదు. హాలు బయట ఆవిడ ఎదురైంది. చుట్టూ సభ్యులు, గుమాస్తాలు.

"ఎర్ర మీట ఎందుకు నొక్కారండీ?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఇంటికెళ్ళు లువీనియా. రేపు ఎనిమిదింటికి రా."

"నేను అడిగింది..."

"ఇంటికెళ్ళమన్నానా?"

తప్పు చేసినవాళ్ళు అలాగే కసురుకుంటారు. నా చేతిసంచి కోసం ఆఫీసుకి వెళ్ళాను. బయటికి వస్తుంటే పక్కగది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఆవిడా ప్రూయెట్టూ బల్ల మీదకి వంగి గుసగుసలాడుతున్నారు. ప్రూయెట్ ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. పల్లీ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. మా అమ్మ కాళ్ళు పోతుంటే ఈవిడ పల్లీలు తింటోంది. తర్వాత ఇద్దరూ నవ్వుకుంటూ ఓజెల్ లిఫ్టు ఎక్కారు. నేను మెట్ల మీంచి చూశాను. స్పీకర్ ఉత్తరం, అనుమతుల బోర్డులో కుర్చీ, ఎర్ర దీపం, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఇంకా ఇస్త్రీబల్ల దగ్గరే ఉంది.

"ఏమైందే, మొహం అలా ఉంది?"

"అమ్ముకుందమ్మా మనల్ని. తన బిల్లుకి తనే ఎరుపు నొక్కింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి, నా కళ్ళతో చూశాను!"

"ఆమెని అడిగావా?"

"అడిగాను. ఇంటికి పొమ్మంది."

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "సిస్టర్ హేర్‌స్టన్ మీ నాన్నని పెట్టెలో పెట్టినప్పుడు ఆయన మెడ మీద మచ్చ కనపడకుండా కాలరు సర్దింది. ఎవరూ అడగలేదు. అట్లాంటి మనిషి అమ్ముకోదే," అంది.

"చనిపోయినవాళ్ళకి కాలరు సర్దడం వేరు," అని కసురుకున్నాను.

అమ్మ నిలబడి నిలబడి, గోడ పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఆ కాళ్ళు చూశాక ఇంక ఆగలేకపోయాను. పక్కింట్లో టెలిఫోనుంది. మా నల్లవాళ్ళ వారపత్రిక 'బీకన్' గురువారం సాయంత్రం అచ్చుకి వెళుతుంది. ఎడిటర్ థాడియస్ బాయ్‌కిన్‌కి ఫోను చేశాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఎర్ర దీపం, బోర్డులో కుర్చీ, ప్రూయెట్, లిఫ్టు.

"నీ పేరు వేయను. కానీ ఒక్కటి చెప్పు, నీ కళ్ళతోనే చూశావా?" అన్నాడు.

"నా కళ్ళతోనే."

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

మర్నాడు ఎనిమిదింటికి కాదు, తొమ్మిదిన్నరకి వెళ్ళాను, ఆఫీసు తాళంచెవి మొహాన కొట్టి వచ్చేద్దామని. ఆవిడ అప్పటికే సభలో ఉంది. గ్యాలరీలోకి వెళ్ళాను. శుక్రవారం సభలో మూడో వంతు కుర్చీలు ఖాళీ. టర్కీ కోళ్ళ వేట మొదలయ్యే వారం కావడంతో దూరపు జిల్లాల పెద్దమనుషులు ముందురోజు సాయంత్రమే తుపాకులేసుకుని వెళ్ళిపోయారు. కొండ జిల్లాలవాళ్ళు మాత్రం ఒక్కడూ కదల్లేదు. ప్రూయెట్ పొద్దున్నే వాళ్ళందరికీ హామూ బిస్కెట్లూ పెట్టించి మరీ కూర్చోబెట్టాడట.

మిసెస్ హేర్‌స్టన్ లేచింది.

"మిస్టర్ స్పీకర్, నిన్నటి నా బిల్లు మీద మళ్ళీ ఓటు వేయాలని కోరుతున్నాను."

"కొరింథియా, అలా అడిగే హక్కు నిన్న నెగ్గిన పక్షానికే ఉంటుంది," అన్నాడు స్పీకర్, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"తెలుసండీ. నిన్న నేను నెగ్గిన పక్షానే, ఎరుపుకే ఓటు వేశాను. ఓటు కాగితం తెప్పించి చూసుకోండి."

స్పీకర్ కాగితం తెప్పించాడు. చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. మళ్ళీ ఓటు పెట్టక తప్పలేదు. నలభై ఏడు ఆకుపచ్చ, ముప్ఫై ఐదు ఎరుపు. బిల్లు నెగ్గింది.

నేను చప్పట్లు కొట్టలేదు. నా చేతులు కడ్డీని పట్టుకుని ఉండిపోయాయి. అక్కణ్ణుంచి కింది అంతస్తు టెలిఫోను దగ్గరికి పరుగెత్తాను.

"పత్రికలన్నీ కట్టలు కట్టి చర్చిలకి పంపేశాం అమ్మా," అన్నాడు బాయ్‌కిన్. "నువ్వు చెప్పింది అబద్ధమా?"

"కాదు."

"మరి నన్నేం చేయమంటావు?"

మధ్యాహ్నం ఆవిడ నన్ను పిలిచి కుర్చీ చూపించింది. మొహం వెలిగిపోతోంది. "ఇప్పుడడుగు," అంది.

"ముందే నాకెందుకు చెప్పలేదండీ?"

"నిన్న సాయంత్రం ఈ మాట బయటికి పొక్కి ఉంటే, వాళ్ళే ముందు లేచి ఆ దారి మూసేసేవాళ్ళు. నీకు చెబితే మీ అమ్మకి చెబుతావు. మీ అమ్మ చర్చికి చెబుతుంది. చర్చికి చెప్పాక దేవుడికి వేరే చెప్పక్కర్లేదు."

"ప్రూయెట్‌కి చెప్పారుగా?"

"ఓట్లు అతని దగ్గరున్నాయి. చెప్పక చస్తానా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆదివారానికి చర్చిలో 'బీకన్' ప్రతి ఒళ్ళోనూ ఉంది. 'మన బిల్లుకి మన మనిషే ఎరుపు.' కింద మిగతా కథ, ఇద్దరూ ఒకే లిఫ్టులో నవ్వుకుంటూ దిగారన్న మాటతో సహా. బిల్లు నెగ్గిన వార్త మరుసటి వారం నాలుగో పేజీలో, విగ్గుల ప్రకటన పక్కన వచ్చింది. అది చదివినవాళ్ళు కూడా నమ్మలేదు. తెల్లవాళ్ళతో లోపాయికారీ ఏదో ఉంది, లేకపోతే రాత్రికి రాత్రే ఎలా నెగ్గుతుంది అన్నారు. నాలాంటి బుద్ధి మా జిల్లాలో నా ఒక్కదానికే లేదు మరి.

సోమవారం మిసెస్ హేర్‌స్టన్ ఆ పత్రికని బల్ల మీద పరిచి, లిఫ్టు అన్న మాట మీద వేలు పెట్టింది.

"లిఫ్టులో మేం ముగ్గురమే ఉన్నాం. ప్రూయెట్ చెప్పడు. ఇంక మిగిలింది ఓజెల్."

"ఆయన అలాంటివాడు కాదేమోనండీ," అన్నాను.

"ఏడాది పైగా అటు మాటలు ఇటు మోస్తున్నాడు. ఇటు మాటలు అటు మోయడని ఏముంది? నా బుద్ధి గడ్డి తిని నమ్మాను."

అమ్మ దరఖాస్తు అప్పుడు ఆవిడ బల్ల మీదే ఉంది, చట్టం రాగానే వెళ్ళాల్సిన మొట్టమొదటిది, ఆవిడ సంతకం కోసం. దాని వంక చూశాను. ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి ఆవిడ లిఫ్టు ఎక్కలేదు. మూడో అంతస్తుకి డెబ్బై రెండు మెట్లు. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు, కుడి మోకాలు అరిగిపోయింది. ఓజెల్ రోజూ తలుపు తీసి పట్టుకుని, "గుడ్ మార్నింగ్, మిసెస్ హేర్‌స్టన్," అనేవాడు. ఆవిడ తల తిప్పకుండా మెట్ల వైపు వెళ్ళేది. వెనకాల ఫైళ్ళు మోసుకుంటూ నేను. మొదటి వారం ఓజెల్ నా వంక చూశాడు, ఏమైందన్నట్టు. నేను ఫైళ్ళు సర్దుకున్నాను. ఆ తర్వాత మాకు ఎవరూ ఏ మాటా చేరవేయలేదు. ఆవిడ తర్వాతి రెండు బిల్లులూ ఎవరు తొక్కారో కూడా తెలియకుండా పోయాయి.

బిల్లు చట్టమయ్యాక, జూన్లో అమ్మకి వయసు కాగితం వచ్చింది. డెబ్బై ఒకటి.

"డెబ్బై ఒకటా? నాకంత లేదే, ఏదో పొరపాటు," అని అమ్మ దాన్ని తిరగేసి మరగేసి చూసింది. ఇస్త్రీబల్ల మడిచి మంచం కింద పెట్టేశాం.

మరుసటేడు పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికల్లో మిసెస్ హేర్‌స్టన్ మీద ఒక కుర్ర పాస్టర్ నిలబడ్డాడు. ఆయన చేసిందల్లా ఒక్కటే. గురువారం నాటి ఓటు కాగితం ఫోటో తీయించి, ఎరుపు వరసలో ఆవిడ పేరు చుట్టూ సున్నా చుట్టి, ఇంటింటికీ పంచాడు. ఆవిడ ప్రతి చర్చిలోనూ నిలబడి నిబంధన వివరించింది. నిబంధన వివరించడానికి పది నిమిషాలు పడుతుంది, సున్నా చూడ్డానికి ఒక్క నిమిషం చాలు. రెండువందల పన్నెండు ఓట్లతో ఓడిపోయింది. మళ్ళీ నిలబడలేదు. ఆ చట్టం కింద ఆ ఏడాది ఒక్క మా జిల్లాలోనే పదకొండు వందల మందికి వయసు దొరికింది. వాళ్ళలో ఎంతమంది ఆవిడకి వ్యతిరేకంగా ఓటేశారో దేవుడికే తెలియాలి.

ఆఫీసు ఖాళీ చేసిన రోజు చివరి అట్టపెట్టె మోసుకుంటూ మెట్లు దిగుతున్నాం. రెండో అంతస్తు మలుపులో ఆవిడ ఆగి, మోకాలు పట్టుకుని, కమ్మీకి ఆనుకుంది. ఇంక ఆపుకోలేకపోయాను.

"బాయ్‌కిన్‌కి చెప్పింది నేనండీ," అన్నాను.

ఆవిడ ఆ మంచి సూటుతోనే మెట్టు మీద కూర్చుంది.

"లిఫ్టు సంగతి?"

"మెట్ల మీంచి చూశాను."

"పదిహేను నెలలు నా వెనకే ఈ మెట్లు ఎక్కావు."

"అవునండీ."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. ఆవిడ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నన్ను అనుమానించడం నీ తప్పు. నీకు చెప్పకపోవడం నా తప్పు. మన ఇద్దరి లెక్కా మనం చూసుకుందాం. మధ్యలో ఓజెల్ ఏం చేశాడే?"

లిఫ్టు దగ్గరికి వెళితే కొత్త కుర్రాడు ఉన్నాడు. ఓజెల్ మార్చిలోనే పని మానేశాడట. నేను గమనించను కూడా లేదు.

అట్నుంచి అటే ఆయన ఇంటికి వెళ్ళాం. వరండా తుడుస్తున్న ఆయన భార్య వెల్వీ మమ్మల్ని చూసి చీపురు గోడకి ఆనించి, లోపలికి వెళ్ళి, జాలీ తలుపు వేసుకుని వెనకాల నిలబడింది.

"ఇంట్లోనే ఉన్నాడు. బయటికి రాడు," అంది.

మిసెస్ హేర్‌స్టన్ గొంతు పెంచింది. "మిస్టర్ టేట్, పత్రికకి చెప్పింది మీరు కాదని ఇవాళ తెలిసింది. అడగకుండానే మిమ్మల్ని దొంగని చేశాను. తప్పయిపోయింది."

లోపల రేడియోలో బేస్‌బాల్ ఆట వస్తోంది. దాన్ని ఎవరూ తగ్గించలేదు.

"ఆ పేపరు చూసి మా వీధి వీధంతా నిన్ను తిట్టింది సిస్టర్," అంది వెల్వీ. "ఈయన ఒక్కడే, ఆవిడ ఏదో లెక్క ఉండే నొక్కి ఉంటుంది అన్నాడు. ఎన్నికల రోజు వానలో నడిచెళ్ళి నీకే వేసి వచ్చాడు. ఇంతకీ చెప్పింది ఎవరు?"

మిసెస్ హేర్‌స్టన్ నా వైపు తిరగను కూడా లేదు. చెబితే నేనే చెప్పుకోవాలని వదిలేసింది.

"నేనే," అన్నాను.

వెల్వీ నన్ను పైనుంచి కిందికి చూసి, జాలీ తలుపుకి కొక్కెం పెట్టింది. ఏదో అనబోయింది.

అప్పుడు లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఏమీ అనకు వెల్వీ. ఆ పిల్ల తల్లికి కాళ్ళు బాలేవు. పాపం, భయపడి ఉంటుంది."

అమ్మ కాళ్ళ సంగతి ఆయనకి ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే నేను ఆ వరండా మీద నిలబడగలిగేదాన్ని.